పద్నాలుగో పేజీ

కౌంటీ వాళ్ళిచ్చిన గ్రాంటు ఫారం ఇరవై రెండు పేజీలు.
పదమూడు దాకా రాత్రే నింపేశాను
చర్చి వంటగదిలో, సూప్ గిన్నె కింద మంట తగ్గించి.
సంస్థ పేరు: గురువారం వ్యాను.
నడిపేది: ఇమొజీన్ రాట్లిఫ్. అంటే నేనే,
ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు తోలినదాన్ని.
ఆస్తులు: పన్నెండు సీట్ల బండి ఒకటి.
దాని హీటరు ఎడమవైపే పనిచేస్తుంది.

పద్నాలుగో పేజీలో ఒకటే ప్రశ్న:
మీ కార్యక్రమం ఫలితాన్ని ఎలా కొలుస్తారు?
రెండువందల యాభై అక్షరాలు మించకూడదట,
ఖాళీలతో కలిపి.

ఖాళీలతో కలిపి అన్నారు కనుక చెబుతున్నాను.

డ్రైవరు వెనక సీటు ఖాళీ. అది కోర్విన్‌ది.
చిన్నప్పుడు బస్సులోనూ అక్కడే కూర్చునేవాడు,
మలుపుల్లో కడుపు తిప్పుతుందని.
మార్చిలో రెండు గురువారాలు రాలేదు.
మూడో గురువారం వాళ్ళమ్మ వచ్చింది.
వాడి టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టి
"ఎవరికైనా పనికొస్తుంది" అని వెళ్ళిపోయింది.
కిటికీ పక్కదీ ఖాళీయే, కానీ అది వేరే ఖాళీ.
టావ్నీకి టైర్ల కొట్లో పని దొరికింది,
ఇప్పుడు సొంత కారులో వెళ్ళొస్తోంది.
ఫారంలో రెండు ఖాళీలూ ఒక్కలాగే ఉంటాయి.
ఈ తేడా ఏ గడిలో రాయాలని
సహాయానికిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను.
సంగీతం వినిపించారు,
సూప్ అడుగంటేదాకా.

క్లినిక్ అరవై మూడు మైళ్ళు.
దిగుడంతా మంచు, ఎక్కుడంతా బొగ్గు లారీలు.
వారానికి సరిపడా మందు, ఒక మూత్రపరీక్ష,
పావుగంట మాట.
ఆ పావుగంట కోసం రోజంతా పోతుంది.

ఈ డబ్బెక్కడిదో అందరికీ తెలుసు.
గని కూలిన ఏడు మా నాన్న నడుముకి
మొదటిసారి రాసిన నొప్పి బిళ్ళల కంపెనీది.
తప్పు ఒప్పుకోకుండానే చెక్కు రాసింది.
మందుల షాపులో వాటిని నీలం పళ్ళెంలో
ఐదేసి ఐదేసి లెక్కపెట్టేవాళ్ళు, చకచకా.
అప్పుడెవరూ పద్నాలుగో పేజీ అడగలేదు.

తిలాపాపం తలా పిడికెడంటారు.
పాపం పంచుకోడానికి ఒక్కరూ రాలేదు గానీ
మీటింగుకి పిడికిళ్ళు మాత్రం చాలా వచ్చాయి.
షెరీఫ్‌కి కొత్త కారు,
తలుపు మీద 'ఆశ' అని రాయిస్తాడట.
హైస్కూలు గోడకి పేద్ద గద్ద బొమ్మ.
సమస్య ఉందో లేదో తేల్చడానికి
రాజధాని నుంచి వచ్చే కన్సల్టెంటుకి ఎనభై వేలు.

లైబ్రరీ ఒలీటా లేచి అంది:
"నా బాత్రూములో ఈ ఏడు నలుగుర్ని లేపాను,
ముక్కులో మందు కొట్టి.
ఐదో మనిషికి నా దగ్గర సీసా లేదు."
అధ్యక్షుడు స్కాగ్స్ గడియారం చూసి
మూడు నిమిషాలు అయిపోయాయన్నాడు.
ఆవిడ కూర్చోలేదు.
మాట్లాడనూ లేదు.
అలాగే నిలబడింది, వాహనాల పద్దు దగ్గర్నుంచి
వందన సమర్పణ దాకా.

నేనడిగింది నలభై ఒక్క వేలు.
వచ్చింది ఆరువేల రెండువందలు:
నాలుగు టైర్లు, అక్టోబరు దాకా పెట్రోలు.
టైర్లు టావ్నీయే బిగించింది.
కూలి వద్దనబోయి, నా మొహం చూసి తీసుకుంది.
నాకు రసీదు కావాలి మరి.

ఆ పేజీలో చివరికేం రాశానో చెప్పలేదు కదూ.
"గురువారం పొద్దున ఐదున్నరకి
వ్యాను చర్చి ముందు ఆగుతుంది.
ఐదు నలభై దాకా చూస్తాం."
నూట డెబ్బై చిల్లర అక్షరాలు మిగిలిపోయాయి.
నింపలేదు.
ఎవరైనా వస్తే
ఎడమవైపు కూర్చోబెడతాను.