కింది పన్ను

మూడో రాత్రి.
ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంచా
గుంట నోట్లో పడ్డ నిమిషానికే
వేడెక్కిపోతోంది.

దమయంతికి కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ.
డాబా మీద నేను,
భుజాన తువ్వాలు, తువ్వాలు నిండా చొంగ,
చెవి పక్కనే ఆగని ఏడుపు.

డాల్ఫిన్ నోస్ కొండమీది దీపం
తిరిగి ఇటు వచ్చినప్పుడల్లా
ఒక్క క్షణం ఆగి చూస్తుంది.
మళ్లీ మొదలు.

పగలు పోర్టులో క్రేనెక్కి
ఇరవై టన్నుల పెట్టెల్ని
రెండువేళ్లతో లేపి దించేవాణ్ణి.
బియ్యపుగింజంత దాన్ని
ఈ చిగుళ్లలోంచి పైకి తేలేను.

కింది వాటాలో పైడమ్మత్తకి నిద్ర చెడింది.
మెట్ల మీంచే అడిగింది:
"పైదా, కిందిదా? సూడు బాబూ.
పైది ముందొస్తే మేనమామకి గండం."

మేనమామ ఎల్లాజీ వేటకెళ్లి తొమ్మిది రోజులు.
ఫోను కలవడం లేదు.

ఇలాంటివి నేను నమ్మను.
చేతులు రెండుసార్లు కడుక్కుని
చూపుడువేలు పెట్టాను.

కొరికింది!

కిందే.
గరుగ్గా, ఇసుకరేణువంత.
"కిందే అత్తా, కిందే" అని
వీధంతా లేచేలా అరిచాను.

వేలు వెనక్కి తీసుకోలేదు.
నములుతూ నములుతూ
అలాగే కన్ను మూసింది.

ఫిషింగ్ హార్బర్ వైపు ఐసు కొట్టే చప్పుడు.
ఏ బోటో వచ్చినట్టుంది.

ఏడింటికి దమయంతి వస్తుంది.
ఉగ్గు పెడుతుంటే చెంచా టిక్కుమంటుంది.
అత్తకి చెప్పి ఉంచాను,
అప్పటిదాకా
మాకేమీ తెలీదు.