సన్నోడి తొవ్వ

పానగల్లు ల్యాబుల సక్రి మేడం
గ్రాఫైట్ పెచ్చు మీద టేపు అతికిస్తది, పీకుతది,
మల్ల అతికిస్తది, మల్ల పీకుతది.
పొద్దుగూకేదాక అదే పని.
కడకు మిగిలింది చూపిచ్చింది నాకు.
ఏం కనపడలె.
"గదే పొర, ఈరన్నా" అన్నది.

ఒక్క అణువు మందం.
దాని చిల్లులల్లకెల్లి
హైడ్రోజన్ ఒక్కటే దూరుతదట,
బలిసిన గాలులన్నీ ఇవతలనే ఆగుతయట.
సన్నోడికి తొవ్వ ఇడిసి
పెద్దోణ్ని నిలబెట్టే దర్వాజ
నా పుట్టుకల ఇదే సూసుడు.

గాజు బుడ్లు కడిగేటోణ్ని, నాకేం ఎరుక?
మర్రిగూడ బోరు నీళ్లు ఎరుక.
మా అమ్మ మూడు మడతల చీరెకొంగుల వడగట్టేది.
తేటగనే ఉండేవి.
కొంగుకు చిక్కనిదేదో
నాయన ఎముకలల్ల పేరుకుంట పోయింది,
ఆఖరికి ఆయన నేలను తప్ప దేన్నీ సూడలె.

"నీళ్లకు సుత పనికొస్తదా ఇది?"
మేడం మాట్లాడలె.
మీటరు ముల్లు సన్నగ వణుకుతున్నది.
నోట్‌బుక్కుల రాసుకున్నది:
తొంభై తొమ్మిది పాయింట్ రెండు.
కింద ఇంకో ముక్క: చాలదు.

నేను బుడ్లు కడగవట్టిన,
ఒక్కొక్కటి మూడు నీళ్లల్ల.
ఆఖరు నీళ్లు డిస్టిల్డ్.