పంటికింద గింజ

మిర్యాలగూడల మిల్లు గేటుకాడ
ఇరవై రెండేండ్ల సంది నా పని ఒక్కటే:
బస్తాల ఇనుప గొట్టం పొడిచి
నాలుగు గింజలు అరచేతుల నలిపి
ఒకటి పంటికింద పెట్టి
తేమ ఎంతో చెప్పుడు.
మిషను వచ్చింది. అయినా సేటు
ముందుగాల నా దవడ దిక్కే చూస్తడు.

రాత్రి ఎనిమిదైతే
గదే పన్ను ఇంగ్లండు మీద పెడ్త.

పెద్ద జట్లు నాకొద్దు.
వాటి సంగతి చాయ్ హోటలు పిల్లగాడు గూడ చెప్తడు.
నాలుగో మెట్టు, ఐదో మెట్టు,
పేరు పలకబోతే నాలుక మడతపడే ఊర్లు,
వెయ్యి మంది వస్తే జాతర అనుకునే మైదానాలు,
పొద్దంత నీళ్ల పైపులు బిగించి
శనివారం గోలు కాసేటోళ్లు.
ఆడ ఎవ్వడు సరిగ్గ తూకం వెయ్యడు.
ఆన్నే సందు ఉంటది.

సైదులు ఫోను జూపిస్తడు:
"అయిదింట్ల నాలుగు గెలిచిన్రు మామా,
అన్నీ పచ్చ డబ్బాలే!"
బస్తా మూతికాడ అందరు మంచి వడ్లే పోస్తర్రా,
గొట్టం అడుగుదాక దించు.
ఎవని మీద గెలిచిన్రు?
అట్టడుగున ఉన్నోళ్ల మీద మూడు,
పది మందే మిగిలినోళ్ల మీద ఒకటి.
ఇగ ఈ ఓడిన జట్టు జూడు.
అయిదు ఎర్ర డబ్బాలు, అన్నీ ఒక్క గోలు తేడా.
మూడు పరాయి ఊర్లల్ల.
మంగళవారం రాత్రి ఆడి
ఆరు గంటలు బస్సుల కూసొని
తెల్లారి ఇల్లు చేరి
శనివారం మల్ల బూట్లు తొడిగిన్రు.
ఇది తాలు గాదు, తడిసిన గింజ.
ఎండ దొరికితే బియ్యమైతది.

హమాలీ లెక్కల బుక్కు ఎనక పేజీలల్ల
గ్రిమ్స్‌బీల గాలి, రోచ్‌డేల్ల వాన రాసుకున్న.
నేను చూసిన దూరం
సాగర్ కట్ట దాటి మాచర్ల, గంతే.

గెలుస్తవా అని అడగకుండ్రి.
ఏ రాష్ట్రంల ఉన్నవని ఫోను అడిగితే
అబద్ధం చెప్పే కాడ్నే మొదలైతది ఈ ఆట.
పోయిన శ్రావణంల
మా ఉపేంద్రక్క చిట్టి పైసలు పోయినయి.
ఆమె ఇప్పటిదాక అడగలే.
చాయ్ల చక్కెర మాత్రం తక్కువేస్తది.

ఆ శనివారం మూడొందలు పెట్టిన
తడిసిన గింజ మీద.
ఏడింటికి ఫోను టింగుమన్నది:
నేల గడ్డకట్టింది, ఆట లేదు.
మూడొందలు మూడొందలే తిరిగొచ్చినయి.
ఇన్ని లెక్కలు జేసి మంచు మరిచిన.
మా దిక్కు నేల గడ్డకట్టుడు ఎవడు చూసిండు?
సైదులు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు.

తెల్లారంగ గేటు ముంగట ట్రాక్టర్లు,
వేములపల్లి దాక వరుస.
మూడో బండి సోమ్లాది.
అడవిదేవులపల్లి దిక్కు తండా.
రెండు రాత్రులు ట్రాలీ కిందనే పండుకున్నడట.
కాలువ నీళ్లు ఎన్నడు అందినయి,
కోత మిషను ఎన్ని దినాలు తిప్పించుకున్నది,
ఏ రాత్రి వాన పడ్డది,
ఏది అడుగలే నేను.
గొట్టం పొడిచిన. గింజ పంటికింద పెట్టిన.
ఆయన నా మొఖం చూస్తలేడు,
దవడ చూస్తున్నడు
రెప్ప వెయ్యక,
రాత్రి నేను ఫోను చూసినట్టు.

కటుక్కుమనలే. మెత్తగ ఒత్తుకుంది.
పంతొమ్మిది.
అద్దం ఎనక సేటు పెన్ను పట్టుకొని
"ఎంత?" అన్నడు.

మంగళవారం రాత్రి. బస్సు. ఆరు గంటలు.

"పదిహేడు" అన్న.
గింజ ఇంక నోట్లనే ఉన్నది.
ఉమ్మలే.