వెనక పేజీలో రాత

ముప్పై ఒక్క ఏళ్లు కర్నూలు కోర్టు సమన్లు మోసినా.
కల్లూరు, కోడుమూరు, వెల్దుర్తి, గూడూరు,
సగం దారి ఎర్రబస్సు, సగం దారి సైకిలు.
మనిషి దొరక్కపోతే ఎందుకు దొరకలేదో
వెనక పేజీలో రాయాల.
"ఇంటికి తాళం."
"సుగ్గికి పోయినారు, ఎప్పుడొస్తారో తెలియదు."
"తీసుకోనన్నారు, తలుపుకు అంటించినాను."
చనిపోయింటే "చనిపోయినారు" అని,
కింద ఇద్దరి సంతకాలు, లేదా వేలిముద్రలు.

ఆ ఒక్క మాటకు ఇద్దరు చాలా అని
ఏనాడూ అడగలేదు నేను,
మా అక్క మద్దిలేటమ్మ నాలుగు నిమిషాలు పోయి
తిరిగొచ్చేదాకా.

పెద్దాసుపత్రి, గుండె వార్డు, మే నెల మధ్యాన్నం.
తెర మీద గీత చదునైంది.
డాక్టరు పిల్లోడు రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి
బండ కొట్టేవాని మాదిరి చెమటలు కార్చినాడు.
నాలుగు నిమిషాలని కేసు షీటులో ఉండాది.
మూడోనాడు జొన్న గంజి తాగుతా అక్క చెప్పింది:
"పైనుంచి చూసినా రా.
నువ్వు తలుపు కాడ చెప్పులు చేత పట్టుకోనుంటివి.
బీరువా మీద ఇత్తడి చెంబుండాది, మూతి సొట్ట."

చెప్పులు నిజమే.
ఆసుపత్రి గడపలో చెప్పులు విడిచే మనిషినని
యాభై ఏళ్లుగా ఆమెకు తెలుసు, అది కొట్టేద్దాం.
చెంబు సంగతి వేరు.

వాచ్‌మన్ దస్తగిరికి టీ తాపించి,
రాత్రి పదకొండుకు స్టూలేసుకుని ఎక్కినా.
చెంబు లేదు.
వేలి మందం దుమ్ము.
దుమ్ములో గుండ్రంగా ఒకచోటు మాత్రం శుభ్రం,
చెంబు అడుగంత.
ఫినాయిలు డబ్బా అడుగంత కూడా.
ఆయా షేకున్‌బీ అనింది:
"తనిఖీ అంటే పైవన్నీ దించేస్తిమి.
ఏమేమి దించినామో ఎవరు రాసుకున్నారప్పా?"

ఆ రాత్రి నుంచి నా లోపల ఇద్దరు వకీళ్లు.
ఎండకు డోన్ రోడ్డు మీద నీళ్లు మెరుస్తాయే,
గాలాడని మెదడుకు అట్లాంటిదే ఇది, అంటాడొకడు.
లేని నీళ్లు కనపడొచ్చు స్వామీ,
లేని చెంబుకు సొట్ట కూడా కనపడుతుందా?
అంటాడింకొకడు.
వాయిదా మీద వాయిదా.

చట్టం తిక్కది.
చచ్చేవాడు చివర చెప్పిన మాటను
ప్రమాణం చేయించకుండానే నమ్ముతుంది.
చచ్చి వచ్చినామె మాటకు మాత్రం
ఏ సెక్షనూ లేదు.

కార్తీకంలో అక్క మళ్లీ పోయింది.
ఈసారి నిమిషాలు ఎవరూ లెక్కపెట్టలేదు.
ముందురోజు అడిగినా: "అక్కా, అక్కడ ఉంటివా,
ఏదో ఒకటి తెలపాల నాకు."
పండ్లు లేని నోటితో నవ్వింది.
"తెలిపితే నమ్ముతావా నువ్వు?
స్టూలేసుకుని ఎక్కి చూస్తావు."

పదకొండో దినం దాటినాక ఆమె సామాను సర్దుతుంటే
అటక మీద, పాత చేటల కింద
మా అమ్మ చెంబు దొరికింది.
ఇత్తడిది. మూతి సొట్ట.
హంద్రీ వరదలో అమ్మ జారి పడిన నాటి సొట్ట,
నేను మరిచిపోయినా, అక్క మరువలేదు.
మొదటి వకీలు లేచి నిలబడినాడు: ఇంకేం, తేలిపోయింది,
చూసింది బీరువాను కాదు, తన చిన్నతనాన్ని.
రెండోవాడు కూర్చున్న చోటు నుంచే గొణిగినాడు:
గుండె ఆగిన మనిషిలో ఆ నాలుగు నిమిషాలు
చిన్నతనాన్ని చూస్తా ఉండింది ఎవరు?

రిటైరయ్యేనాడు తెచ్చుకున్న ఖాళీ ఫారం ఒకటుండాది.
ఆమె పేరు, ఇంటి నంబరు, బుధవారపేట అని రాసినా.
వెనక్కి తిప్పితే
"చనిపోయినారు" అనే మాట కలానికి వచ్చింది,
చేయి రాయనీలేదు.
దొంగ రాత ఒక్కటీ రాయలేదు సర్వీసులో.

"ఇంటికి తాళం" అని రాసినా.
"మూడుసార్లు పిలిచినాను.
లోపల మనుషులున్నదీ లేనిదీ
బయటినుంచి తెలియరాలేదు."

కింద నా సంతకం.
రెండో సాక్షి ఇంకా దొరకలేదు.