ఎవరు చెప్పగా

శనివారం మధ్యాన్నం, ఎక్కాలు అయిపోయాక
కూర్మయ్య మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని అన్నారు:
"పుస్తకంలో లేని కథ ఒకటి
సోమవారానికి రాసుకు రండి.
కింద మాత్రం తప్పకుండా వెయ్యాలి,
ఎవరు చెప్పగా, ఏ ఊరు, ఎన్నేళ్లు."

మా దాలమ్మ మామ్మ చేటలో ఉలవలు ఏరుతోంది.
"పట్టపగలు కతేట్రా గుంటడా,
మీ మేనమావ దారి తప్పిపోడేటి?"
ఉన్న ఒక్క మావా కలకత్తా జనపనార మిల్లులో.
ఎందుకొచ్చిందని ఊరుకున్నాను.

రాత్రికి కథ దొరికింది గాని కిరసనాయిలు లేదు.
నోటుబుక్కు పొట్టమీద పెట్టుకుని
చీకట్లో విన్నాను.
వంశధార సుడిగుండం అడుగున
ఒక ముసిల్ది తిరగలి ముందేసుకుని కూచుందట,
చోళ్లు విసురుతుందట.
వరద రాత్రి గుర్రుగుర్రున వినబడేది అదేనట.
తెల్లారి ఏరు ఎర్రగా పారితే
"అది మన్ను కాదురా, సోడిపిండి."

"అంత పిండి ఎవరికే మామ్మా?"
గుర్రుగుర్రుమంది.
ఏరు కాదు, మామ్మే.

ఆదివారం ఉబాలకి పోయింది. వచ్చి
నడుం పట్టుకుని అటు తిరిగి పడుకుంది.
సోమవారం పొద్దున్న బడిగోడకి ఆనుకుని
చివరి వాక్యం నేనే రాసేశాను:
బడి పిల్లలకి.
ఆకలి మీదున్నాను, అంతకంటే కారణం లేదు.
కింద, మజ్జి దాలమ్మ చెప్పగా. ఊరు ఇదే.
వయసు దగ్గర కాస్త ఆగి, నూరు వేశాను.

మాస్టారు ఎర్రసిరాతో నూరు కొట్టేసి
అరవై చేశారు.
కథ జోలికి పోలేదు.

తుఫాను ఏడాది బడి పెంకులెగిరిపోయాయి,
బీరువాలో పుస్తకాలు ముద్దయిపోయాయి.
మామ్మ అంతకు ముందే.
మాస్టారు పాలకొండ బదిలీ అయ్యారు,
తర్వాత సంగతి తెలీదు.

మొన్న శ్రావణంలో
ఏరు చూద్దామని గట్టెక్కాను.
పక్కన ఎవరి పిల్లో,
తమ్ముణ్ణి చంకనేసుకుని చెప్తోంది:
"అది మన్ను కాదురా, సోడిపిండి.
బడి పిల్లలకని మామ్మ ఇసురుతాది.
అందుకే ఏరొచ్చిన్నాడు బడుండదు."

ఆ బడుండదు అన్న ముక్క నాది కాదు.
నా తర్వాత ఇంకెవడో
లెక్కలు చెయ్యనివాడు వేశాడు.

"ఎవరు చెప్పారే నీకు?"
నా నెరిసిన తల వైపు ఎగాదిగా చూసింది.
"ఎవులూ సెప్పనేదు తాతా.
ఇనబడతంది కాదేటి?"