ఎర్రది

నాలుగు డ్రైవులు నా తాన.
నల్లది సీటీసీల గంటసేపు బేరం జేసి కొన్నది.
నీలంది ఆఫీసు లక్కీ డ్రాల తగిలింది.
ఎర్ర రబ్బరుబ్యాండుది జహూర్ భాయ్ ఇచ్చిండు,
జగదీశ్ మార్కెట్ల దుకాణం మూసేసిన్నాడు,
"లేజావ్ మియా, నా దగ్గరుంటె అమ్ముకుంట" అని.
నాలుగోది ఊకె టిక్కుటిక్కుమంటది.
దానికి పేరు వెట్టలే.

రాత్రి కరెంటు వోయొచ్చింది.
వచ్చినంక ఎర్రదాన్ని ముందుగాల గుచ్చిన,
నీలందాన్ని తర్వాత.
గంతే.
పదకొండువేల పాటల పక్కన
పదకొండువేల ఆశ్చర్యార్థకాలు.

యాడికి వోలే, అన్నీ ఆడనే ఉన్నయి.
నిన్నటిదాక 'ఈ'ల ఉన్నోళ్లు
ఇయ్యాల 'ఎఫ్'కి మారిన్రు.
మా మూసారాంబాగ్ గల్లీల గూడ ఒకసారి
మున్సిపాలిటోళ్లు కొత్త నంబరు పలకలు కొట్టి వోయిన్రు.
ఆర్నెల్లు మా సిలిండరు పక్క సందుల దిగింది.
మేము మాత్రం ఆ ఇంట్లనే, ఆ పొయ్యి కాడనే.

ఐతారమంత కూసొని
ఒక్కొక్క పాటకు దాని ఇల్లు సూపెట్టిన.
నఫీసా బాయి మూడు స్పెల్లింగుల ముగ్గురైంది.
ఒకామెకు ఒక ఎఫ్, ఇంకొకామెకు రెండు ఎస్‌లు.
ఆధార్ కార్డు తిప్పలే ఇవి గూడ.
"ఇవన్ని ఎప్పుడింటవ్?" అన్నది సుగుణ.
లెక్కేసిన. నిద్ర లేకుంట ముప్పై ఎనిమిది రోజులు.
ఆమెకు జెప్పలే.

ఒక పాట రెండుసార్లుంది, ఏది తీసెయ్యాలె అని అడిగింది మిషిని.
ఒకటి అద్దం లెక్క సాఫు.
ఇంకోటి జహూర్ భాయ్ గీతలువడ్డ సీడీల కెళ్లి దించింది,
రెండో చరణంల ఒక మాట మింగుతది.
ముప్పై ఏండ్లు ఆ మాట లేకుంటనే పాడుకున్న.
సాఫు పాటల ఆ మాట రాంగనే
నేనే తడబడుత.
సాఫుదాన్నే తీసేసిన.

జహూర్ భాయ్‌కి జెప్పాలనిపించి ఫోన్ జేసిన.
ఈ నంబరు మనుగడల లేదన్నది.
యాకుత్‌పురల ఇల్లు తెలుసు,
ఆడ ఇప్పుడు చెప్పుల గోదాము.
ఇసొంటిదానికి వెతికే బటనుండదు.

టిక్కుటిక్కుదాన్ల కెళ్లి నల్లదాన్లకు కాపీ అయితున్నది.
ఇంక నాలుగు గంటలంటది, మల్ల ఆరంటది,
మల్ల పదకొండు నిమిషాలంటది.

ఎర్ర రబ్బరుబ్యాండు ఎండి తెగింది.
వంటింట్ల కొత్తిమీర కట్టది ఒకటి తెచ్చి ఏసిన.
గది పచ్చది.
డ్రైవు మాత్రం
ఎర్రదే.