ఆది జాకెట్టు

పాతపట్నంలో బస్సెక్కేటప్పుడు వనజాక్షిని.
ఏరు దాటి పర్లాకిమిడిలో దిగితే బనజాక్షిని.
మహేంద్రతనయ నీళ్లలో ఏముందో గానీ
వంతెన మీదే నా ‘వ’ తడిసి ‘బ’ అయిపోతుంది.
బ్యాంకులో దుంపల, ఓటరు కాగితంలో డుంపొలో,
గ్యాసు పుస్తకంలో నా పేరుకి మా ఆయన తోక.
ఏదీ నేను రాసుకున్నది కాదు,
రాసినోళ్ల చెయ్యి ఎటు తిరిగితే అటు.

ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను.
నా కొట్లో పేరుతో పని లేదు.
సంచిలోంచి ఆది తీసి బల్ల మీద పెడితే చాలు,
భుజం ఎక్కడ జారుతుందో
బిడ్డ పుట్టాక పక్కన ఎన్ని కుట్లు విప్పారో
గుడ్డే చెబుతుంది.
నా కుట్టు నచ్చకపోతే
అదే ఆదిని చంకలో పెట్టుకుని
ఎదురుగా గౌరంగొ కొట్టుకి పోతారు.
మూతి ముడుచుకుంటాను, అంతే.
వాళ్ల కొలతల్ని నా బీరువాలో పెట్టి
తాళం వేసుకోలేను కదా.

ఈ పాటి న్యాయం
ఫోన్లో లేదని ఆలస్యంగా తెలిసింది.

ఆరేళ్లు పెట్టాను అందులో:
వీపు మీద నెమళ్లు, చేతులకి అద్దాలు,
మన ఊరి కొమ్ము గుండీలు,
కింద నాకు తోచిన రెండు ముక్కలు.
నాలుగు వేల పైచిలుకు జనం చూసేవారు.
ఒక సోమవారం పొద్దున్న
నువ్వు నువ్వేనని రుజువు చెయ్యమంది తెర.
‘బ’ ఉన్న కార్డు చూపిస్తే ‘వ’తో కలవలేదంది,
‘వ’ ఉన్నది చూపిస్తే ఫొటో మసగ్గా ఉందంది.
ఆ కొట్టుకి గుమ్మం లేదు, అరుగు లేదు,
నిలబెట్టి తిట్టడానికి మనిషన్నవాడు లేడు.
నా ఆది లోపల ఉండిపోయింది,
నేను బయట.

స్టేషను దగ్గర ఫోన్లు బాగుచేసే త్రినాథ్
టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు.
“ఇంకోటుందప్పా. ఒక్క పెద్ద కొట్టు కాదు,
వందల చిన్న కొట్లు.
ఒకటి నా పాత కంప్యూటర్లోనే నడుస్తోంది.
ఎక్కడ కూచుని మాట్లాడినా అందరికీ వినబడతాది.
తాళంచెవి మాత్రం నీదే. పన్నెండు మాటలు.
అవి పోయాయంటే
నీలకంఠుడొచ్చినా ఇప్పించలేడు.”

“నీకు కూడా తెలీవా?”
“నాకేటి తెలుస్తాది?”
అప్పుడు నమ్మాను.

పేరు అడిగింది. వనజాక్షి అని కొట్టాను.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.
వ, వ లాగే ఉంది.

వానల్లో త్రినాథ్ కొట్లోకి మోకాలి లోతు నీళ్లు.
ఇంక నడపలేనని పది రోజుల ముందే చెప్పాడు.
బరంపురంలో ఎవరో లెక్కల మాస్టారి కొట్టుకి మారాను.
నాలుగు కాజాలు కుట్టే లోపు అయిపోయింది.
నెమళ్లొచ్చాయి, అద్దాలొచ్చాయి,
గుణుపురం నించి రోజూ “బాగుంది” అనే ఆవిడా వచ్చింది,
నేను ఇల్లు మారినట్టే తెలీదావిడకి.

పన్నెండు మాటల్నీ
నా ఆది జాకెట్టు లోపలి గుడ్డ మీద
తెలుపు మీద తెల్ల దారంతో కుట్టాను.
ఏడోది ఒక పిట్ట పేరు.
అంతకు మించి చెప్పను.

కొట్లో మేకుకి
అప్పలనరసమ్మ ఆది ఇంకా వేలాడుతోంది.
ఆషాఢంలో పోయింది. అడగడానికి ఎవరూ రాలేదు.
ఆవిడ ఎడమ భుజం కాస్త కిందికి ఉండేదని
ఇప్పుడు ఆ గుడ్డకీ నాకూ తెలుసు.
కత్తిరించి మసిగుడ్డ చెయ్యబుద్ధి కాదు,
తొడుక్కునేవాళ్లు లేరు.

రాత్రి మిషను మీద గుడ్డ కప్పాక
లోపలి అక్షరాల్ని వేళ్లతో తడుముకుంటాను.
పదకొండు దాకా వచ్చి ఆగుతాను.
మా చెల్లెలి కూతురు ధవళకి
ఇవి చదవడం నేర్పాలా వద్దా అన్నది
ఇంకా తేల్చుకోలేదు.